అలకనంద లోయలో అడవి ఎలా నిలిచింది? రేణికి ముందు, రేణి తర్వాత

కొండవాగు:
అందరికీ నమస్కారం. చెట్లు నరకనివ్వకుండా రేణి లాంటి హిమాలయ ఊళ్ళు చేసిన చిప్కో ఉద్యమం అనగానే చెట్టును చుట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటో ఒక్కటే గుర్తొస్తుంది మనకి. పిల్లల పాఠాల్లోనూ ఆ ఫొటో, దాని కింద నాలుగు ముక్కలు, అంతే. చదివేకొద్దీ నాకైతే ఈ కథ ఏటి దగ్గర మొదలైందనిపిస్తోంది.

1970 జూలై 20న ఇప్పటి ఉత్తరాఖండ్ కొండల్లో పారే అలకనందకి పెద్ద వరద వచ్చింది. బెలాకూచి అనే ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. వంతెనలు, రోడ్లు, బస్సులు, పొలాలు పోయాయి. కొండల మీంచి దిగిన మట్టి ఎక్కడో కింద హరిద్వార్ దగ్గర ఎగువ గంగా కాలువను కూడా పూడ్చేసింది. బాధితులకి సాయం చేయడానికి గోపేశ్వర్ నుంచి దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం వాళ్ళు వెళ్ళారు. చండీ ప్రసాద్ భట్, ఆయన తోటివాళ్ళు 1964లో పెట్టుకున్న సంఘం అది. ఊరూరా నడుస్తుంటే వాళ్ళకి ఒక సంగతి కనబడింది. ఎక్కడ చెట్లు నరికేశారో ఆ వాలు కిందే నష్టం ఎక్కువగా ఉంది.

1962లో చైనాతో యుద్ధం తర్వాత సైన్యం కోసం ఆ లోయల్లోకి రోడ్లు వేశారు. ఆ రోడ్ల మీదుగానే కలప కాంట్రాక్టర్లూ పైకి ఎక్కారు. కొండ పైన చెట్టు పోతే కింద ఎవరి పొలం పోతుందో వరద వచ్చాక గానీ జనానికి లెక్క తేలలేదు.

కౌగిలింతకి ముందు ఏం పని జరిగింది, ఆ తర్వాత ఏం జరిగింది? తెలిసినవాళ్ళు రాయండి. అసలు అడవిని నిలబెట్టింది ఆ పనేనని నా నమ్మకం.

పాతకాగితాలు:
మంచి చర్చ మొదలుపెట్టారు కొండవాగు గారూ. 1970 వరద అర్థం కావాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. అలకనందలో కలిసే బిరహీ గంగ మీద 1893లో ఒక కొండ విరిగిపడి నదికి అడ్డంగా పెద్ద సహజమైన ఆనకట్ట ఏర్పడింది. దాని వెనక గౌనా తాల్ అనే సరస్సు నిండింది. అది ఎప్పటికైనా తెగుతుందని అప్పటి ఇంజనీర్లు లెక్కగట్టి, సరస్సు దగ్గర్నుంచి కింది ఊళ్ళదాకా టెలిగ్రాఫ్ లైన్ వేశారు. 1894 ఆగస్టులో గట్టు తెగింది. శ్రీనగర్ పట్టణం (గఢ్వాల్‌లోది, కశ్మీర్‌ది కాదు) చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. అయినా ముందే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం దాదాపు లేదు.

ఆ సరస్సులో కొంత భాగం మిగిలిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో చుట్టుపక్కల వాలుల మీంచి మట్టి, రాళ్ళు దిగి దిగి పూడుకుంటూ వచ్చింది. 1970లో మిగిలిన ఆ కాస్తా తెగిపోయింది. అంటే 1894లో ఒక్క టెలిగ్రాఫ్ తీగతో కాపాడగలిగిన జనాన్ని 1970లో హెచ్చరించే దిక్కు లేదు. నాకు బాధ కలిగించేది అదే.

మేడిచెట్టు:
రేణికి ముందు మండల్ అనే ఊరి గురించి చెప్పుకోవాలి. అక్కడ గొడవ వచ్చింది యాష్ చెట్టు దగ్గర. ఆ కొండల్లో దాన్ని ‘అంగు’ అంటారు. కర్ర తేలికగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. కాడికి అంతకంటే మంచి కర్ర లేదు. బరువైన కాడి వేస్తే ఆ మెట్ట పొలాల్లో చిన్న ఎడ్లు లాగలేవు. దశోలీ సంఘం వాళ్ళకి చిన్న వర్క్‌షాప్ ఉండేది. వ్యవసాయ పనిముట్లు చేసుకుంటాం, కొన్ని అంగు చెట్లు ఇవ్వండని అడిగితే అటవీ శాఖ కుదరదంది. కావాలంటే చీడ్ పైన్ వాడుకోమంది. పైన్ కర్ర కాడికి పనికిరాదని ఆ ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు.

ఆ తర్వాత కొద్దికాలానికే అవే అంగు చెట్లను అలహాబాద్‌లోని ఒక ఆటవస్తువుల కంపెనీకి కేటాయించారు. రైతుకి కాడి లేదు, టెన్నిస్ రాకెట్లకి కర్ర ఉంది! జనానికి ఎక్కడ కాలిందో ఊహించుకోండి. 1973 ఏప్రిల్ 24న మండల్‌లో డప్పులు కొట్టుకుంటూ, నినాదాలు చేస్తూ ఊళ్ళవాళ్ళంతా పోగయ్యారు. కంపెనీ మనుషులు చెట్టు మీద చెయ్యి వేయకుండానే వెనక్కి పోయారు.

అక్కడితో ఆగలేదు. అదే కంపెనీకి మందాకినీ లోయలో ఫాటా దగ్గర చెట్లు ఇచ్చారు. అక్కడా జనం కాపలా పెట్టారు. వంతులు వేసుకుని నెలల తరబడి కాశారు. ఓసారి కళ్ళుగప్పి ఐదు చెట్లు కొట్టేశారు కానీ దుంగలను కొండ దిగనివ్వలేదు. డిసెంబరు 31తో పర్మిట్ గడువు అయిపోయింది, కంపెనీ ఖాళీ చేతులతో పోయింది. ఇది ఏ ఫొటోలోనూ లేదు. కానీ నా దృష్టిలో ఉద్యమం నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. పర్మిట్‌కి ఒక ఆఖరి తేదీ ఉంటుంది, అందాకా చెట్టు నిలబడితే చాలు.

దీపశిఖ:
మేడిచెట్టు గారూ, ఫాటా సంగతి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు, థాంక్స్. రేణి నేను రాస్తాను.

రిషిగంగ, ధౌళీగంగ కలిసే చోటికి పైన ఉంటుంది రేణి. 1974 జనవరిలో డెహ్రాడూన్‌లో వేలం వేసి, ఆ ఊరి పై అడవిలో దాదాపు 2,500 చెట్లను అమ్మేశారు. భట్, ఆయన సహచరులు ఊరూరా తిరిగి జనాన్ని సిద్ధం చేశారు. మగవాళ్ళు ఊళ్ళో ఉంటే పని జరగదని అవతలివాళ్ళకీ తెలుసు. మార్చి 26న, సైన్యం ఎప్పుడో తీసుకున్న భూములకు పరిహారం ఇస్తామన్న కబురు రావడంతో మగవాళ్ళంతా చమోలీ వెళ్ళారు. పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న డబ్బు మరి, వెళ్ళక ఏం చేస్తారు? సంఘం వాళ్ళను గోపేశ్వర్‌లో అధికారులు మాటల్లో పెట్టారు. సరిగ్గా ఆ రోజే కూలీలు అడవి దారి పట్టారు.

ఒక చిన్నపిల్ల చూసి పరుగున వచ్చి గౌరాదేవికి చెప్పింది. ఆవిడ ఊరి మహిళా మంగళ దళానికి అధ్యక్షురాలు. భోటియా అనే కొండ తెగ కుటుంబం, చిన్న వయసులోనే భర్త పోయాడు. పొయ్యి మీద పని పొయ్యి మీదే వదిలేసి 27 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు బయల్దేరారు. కూలీలతో ముందు మంచిగానే మాట్లాడారు: అన్నం తినండి, మా మగవాళ్ళు వచ్చాక మాట్లాడుకుందాం, ఇప్పుడు మాత్రం కిందికి దిగండి. తాగి ఉన్న ఒక మనిషి తుపాకీ ఎత్తాడు. ఈ అడవి మా పుట్టిల్లు, కాలిస్తే ముందు నన్ను కాల్చు అని గౌరాదేవి ఎదురు నిలబడింది.

కూలీలు దిగిపోయాక వాళ్ళు చేసిన పని నాకు ఇంకా ఇష్టం. దారిలో కొండచరియ విరిగిన చోట దాటడానికి ఒక సిమెంట్ పలక వేసి ఉంది. ఆడవాళ్ళంతా కలిసి దాన్ని తోసేశారు. ఇక పైకి వెళ్ళే దారే లేదు. రాత్రంతా అక్కడే కాపలా కాశారు. మర్నాడు మగవాళ్ళు వచ్చేసరికి చెట్లన్నీ నిలబడే ఉన్నాయి.

సర్వేరాయి:
అందరి పోస్టులూ చదివాను. గౌరాదేవి ధైర్యానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాపలా కాస్తే నరకడం వాయిదా పడుతుందంతే. ఆగాలంటే పైన కాగితం మారాలి.

రేణి తర్వాత అప్పటి ఉత్తరప్రదేశ్ (ఈ కొండలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే) ముఖ్యమంత్రి హెచ్.ఎన్. బహుగుణ ఒక కమిటీ వేశారు. ఢిల్లీకి చెందిన వృక్షశాస్త్రవేత్త వీరేంద్ర కుమార్ దానికి అధ్యక్షుడు. ఊళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళకీ అందులో చోటు దొరికింది, అది చిన్న విషయం కాదు. రెండేళ్ళ పని తర్వాత 1976లో కమిటీ చెప్పిందేమిటంటే, రేణి అడవి సున్నితమైన ప్రాంతం, అక్కడ చెట్లు కొట్టకూడదు, 1970 వరదకు చెట్ల నరికివేత ముఖ్య కారణం. దాంతో అలకనంద పైభాగంలో సుమారు 1,200 చదరపు కిలోమీటర్లలో పదేళ్ళపాటు నరికివేత ఆపేశారు.

ఆ రెండేళ్ళూ ఊరివాళ్ళు వాలులు చూపించారు, విరిగిన చరియలు చూపించారు, ఏ ఏడాది ఎక్కడ కొట్టారో చెప్పారు. నినాదం వినిపించినంత సేపే ఉంటుంది. రిపోర్టు ఫైల్లో కూర్చుని పదేళ్ళు పనిచేస్తుంది.

దీపశిఖ:
> కాపలా కాస్తే నరకడం వాయిదా పడుతుందంతే.

ఆ వాయిదా లేకపోతే కమిటీ వచ్చి ఏం చూసేది సర్వేరాయి గారూ? మొద్దుల్నా?

సర్వేరాయి:
నిజమే అక్కా, కాపలా అక్కర్లేదని నేననలేదు. దాంతోనే పని అయిపోయిందనుకోవడం మీదే నా అభ్యంతరం.

ఏటిగట్టు:
నేను హైడ్రాలజీ చదువుకున్నదాన్ని, ఆ వైపు నుంచి రెండు మాటలు. అడవి ఉంటే వరదలే రావని చెప్పడం శాస్త్రం ఒప్పుకోదు. 2005లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), సిఫోర్ (అంతర్జాతీయ అటవీ పరిశోధన కేంద్రం) సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది. పెద్ద నదీ పరీవాహకాల్లో భారీ వర్షాలకు వచ్చే మహా వరదల్ని అడవులు ఆపలేవు. నేల ఒకసారి నీటితో నిండిపోయాక చెట్టు ఉన్నా లేకున్నా పడిన వాన పడినట్టు కిందికే పోతుంది. హిమాలయం వయసు తక్కువ కొండ కాబట్టి చెట్టు కొట్టకపోయినా విరుగుతుంది.

మరి రేణి వాళ్ళది తప్పా? కాదు. చిన్న వాగుల స్థాయిలో, నిలువు వాలుల మీద సంగతి పూర్తిగా వేరు. చెట్టు వేళ్ళు పైపొర మట్టిని కింది రాయికి కట్టి ఉంచుతాయి. చెట్టు కొట్టిన రోజే ఆ కట్టు తెగదు. వేళ్ళు మెల్లగా కుళ్ళుతాయి, కొత్త మొక్కల వేళ్ళు ఇంకా లోతుకి దిగవు. అందుకే నరికిన కొన్నేళ్ళకి ఆ వాలు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. కాంట్రాక్టరు లెక్క ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు, చరియ మాత్రం అప్పుడు విరుగుతుంది. దీనికి తోడు దుంగలు లాగిన దారులు వానకి కాలువలవుతాయి. కింద ఇరుకు మలుపులో మట్టి, దుంగలు అడ్డుపడి నీళ్ళు నిలిచి, ఆ అడ్డు తెగితే ఒక్కసారిగా మీద పడతాయి.

కొండ వాలు ఆకులు, కొమ్మలు, నాచుతో కప్పి ఉన్న చోట ఒకసారి చేత్తో తవ్వి చూడండి. పైన ఎండు ఆకులు, కింద సగం కుళ్ళిన ఆకులు, ఆ కింద నల్లటి మెత్తటి మట్టి, దాన్నిండా సన్నటి వేళ్ళు. వాన పడ్డా అక్కడ నీళ్ళు పారవు, ఇంకుతాయి. ఓక్ అడవిలో ఈ పొర మందంగా ఉంటుంది. అందుకే ఎండాకాలంలో కూడా ఊట ఆరదని అక్కడి ఆడవాళ్ళు చెప్పే మాట ఉట్టి నమ్మకం కాదు.

తులసికోట:
ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాయాలి. ఈ పోరాటంలో ఊరంతా ఒక్కతాటి మీద ఉందని మనం అనుకుంటాం. అలా లేదు. తెహ్రీ వైపు అద్వాణీ అడవి కోసం 1977-78లో పోరాటం జరిగింది. అక్కడ ముందు నిలబడ్డ బచ్నీదేవి భర్తే ఆ ఊరి పెద్ద, ఆయనే కాంట్రాక్టరు కూడా. ఆవిడ ఇంట్లోనే ఎదురు తిరగాల్సి వచ్చింది. ఆడవాళ్ళు చెట్లకు రాఖీలు కట్టారు. అధికారి వస్తే పట్టపగలు లాంతర్లు వెలిగించుకుని ఎదురెళ్ళారు. అడవి ఇచ్చేది మట్టి, నీరు, గాలి అన్న నినాదం అక్కడిదే.

1980లో చమోలీ జిల్లా డుంగ్రీ పైంతోలీలో ఇంకా స్పష్టంగా కనబడింది. అక్కడి ఓక్ అడవి కొట్టేసి బంగాళదుంప విత్తనాల ఫారం పెడతామన్నారు. బదులుగా రోడ్డు, ఆసుపత్రి, బడి వస్తాయన్నారు. మగవాళ్ళు ఒప్పుకున్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ అడవి పోతే గడ్డికి, పొయ్యిలో కట్టెలకి ఇంకెంత దూరం నడవాలో నడిచేవాళ్ళకే కదా తెలుసు. చివరికి అడవి నిలిచింది.

మగవాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. వాళ్ళకి జీతం కావాలి, ఆ జీతం కోసం మైదానానికి వలస పోతున్నారు. ఇంటికి గడ్డీ నీళ్ళూ మోసే మనిషికి ఊరి మీటింగులో మాట లేకపోవడమే అసలు సమస్య. గౌరాదేవి ముందుకొచ్చింది కూడా మగవాళ్ళు ఊళ్ళో లేని రోజే కదా!

వానకోయిల:
కొత్త సభ్యురాలిని. అన్నీ శ్రద్ధగా చదువుతున్నాను. ఒక సందేహం అండీ. ఈ ఉద్యమానికి నాయకుడు సుందర్‌లాల్ బహుగుణ అని చదువుకున్నాను. ఇక్కడ భట్ గారి పేరే ఎక్కువగా వస్తోంది?

పాతకాగితాలు:
ఇద్దరూ ఉన్నారమ్మా. చమోలీలో పని ఎక్కువగా భట్, దశోలీ సంఘం చేశారు. 1982లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తెహ్రీ వైపు బహుగుణ. ఉపవాసాలు, పాదయాత్రలతో ఈ మాటను దేశమంతా తీసుకెళ్ళినవాడు ఆయన. 1981 నుంచి 1983 దాకా కశ్మీర్ నుంచి కోహిమా వరకు నడిచారు. 2021 మేలో కోవిడ్‌తో పోయారు. భట్ ఆలోచనలో అడవి మీద ఊరివాళ్ళకి పని, హక్కు ఉండాలి. బహుగుణ కొండల్లో కలప వ్యాపారమే వద్దన్నారు. ఈ తేడా తర్వాత చాలా దూరం వెళ్ళింది.

మోడరేటర్:
ఎవరు గొప్ప అన్న వైపు వెళ్ళకుండా విషయం మీదే ఉందాం. ఇప్పటిదాకా చర్చ చాలా బాగుంది.

మేడిచెట్టు:
ఆ తేడా గురించే నేను రాద్దామనుకున్నాను. 1980లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఉత్తరప్రదేశ్ హిమాలయాల్లో వెయ్యి మీటర్ల పైన పచ్చని చెట్లు కొట్టడాన్ని 15 ఏళ్ళపాటు ఆపించింది. అదే ఏడాది అటవీ సంరక్షణ చట్టమూ వచ్చింది. గెలుపే. కానీ ఊళ్ళలో ఏమైందో చూడండి. బడికో, రోడ్డుకో, మంచినీళ్ళ పైపుకో కాస్త అటవీ భూమి కావాలన్నా ఫైలు ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. విసుగెత్తి 1980ల చివర్లో అక్కడే జనం చెట్లు నరుకుతూ నిరసన చేశారు. కౌగిలించుకున్న జిల్లాల్లోనే గొడ్డలి పట్టాల్సి వచ్చింది.

రేణి, లాతా సంగతి ఇంకా అన్యాయం. గౌరాదేవి పుట్టింది లాతాలో. 1982లో నందాదేవి జాతీయ పార్కు ప్రకటించాక ఆ రెండు ఊళ్ళకీ పై గడ్డి మైదానాల్లో మేపుకునే హక్కు పోయింది, ట్రెక్కింగ్ పోర్టర్లుగా దొరికే పనీ పోయింది. కాంట్రాక్టరు నుంచి అడవిని కాపాడినవాళ్ళనే అడవిలోకి రావద్దన్నారు. చివరికి 1998లో లాతా వాళ్ళు తమ హక్కుల కోసం మళ్ళీ ఉద్యమం చేయాల్సి వచ్చింది.

అందుకే అంటాను, చెట్టు కొట్టొద్దన్న ఆర్డరు ఒక్కటే చాలదు. ఆ అడవి మీద మాట ఎవరిది అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి.

ఉత్తరకన్నడ:
నేను పుట్టి పెరిగింది కర్ణాటకలో, అమ్మ తెలుగు. మా పశ్చిమ కనుమల ముక్క కూడా ఇక్కడ చేర్చనివ్వండి. 1983 సెప్టెంబరు 8న సిర్సీ దగ్గర సాల్కణి ఊరివాళ్ళు నడిచి కళసె అడవికి వెళ్ళి, నరకడానికి వచ్చినవాళ్ళ ముందే చెట్లను చుట్టుకున్నారు. అప్పికో అంటే అదే. 38 రోజులు వదల్లేదు, నరికివేత ఆగింది. అక్కడి బాధ ఏమిటంటే సహజమైన అడవిని కొట్టి, ఆ జాగాలో వరసగా టేకు వేస్తున్నారు. కాగితం మీద అడవి అడవిలానే ఉంటుంది. వాగులు మాత్రం ఎండిపోతాయి, ఆకు ఎరువు దొరకదు. పాండురంగ హెగ్డే, ఊళ్ళ యువకులు ఈ పనిని ‘ఉళిసు, బెళెసు, బళసు’ అని మూడు మాటల్లో పెట్టారు. ఉన్నది నిలుపు, కొత్తది పెంచు, పొదుపుగా వాడుకో. మేడిచెట్టు గారు చెప్పిన దానికి ఆ మూడో మాట దగ్గరగా ఉందనిపిస్తుంది.

కొండవాగు:
ఎంత రాశారండీ అందరూ! నేను రేణి తర్వాతి కథ ఇంకో ముక్క చేరుస్తాను. ఆ ఊరి అడవి నిలిచింది, నది నిలవలేదు. రిషిగంగ మీద 13.2 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఊరి కిందే కట్టారు. 2021 ఫిబ్రవరి 7న రోంటీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడి లోయలోకి దూకాయి. ఆ ప్రాజెక్టు మొత్తం పోయింది, కింద తపోవన్ దగ్గర కడుతున్నదీ దెబ్బతింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ఎక్కువమంది పనిలో ఉన్న కార్మికులే. రేణి వాళ్ళు ప్రాణాలు దక్కించుకోవడానికి పై అడవిలోకే పరిగెత్తారు.

ఆ ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులు రద్దు చేయమని ఆ ప్రాంతంవాళ్ళు ఐదుగురు హైకోర్టుకి వెళ్ళారు. 2021 జూలైలో పిటిషన్ కొట్టేసి, ఒక్కొక్కరికీ 10,000 రూపాయల ఖర్చులు వేశారు. అంతకు ముందు నెలే, ఊరి నేల కుంగుతుంటే గౌరాదేవి విగ్రహాన్ని అక్కణ్ణుంచి తీసేసి జోషీమఠ్‌కి పంపారు. ఇది తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

ఏటిగట్టు:
2021దానికి చెట్ల నరికివేత కారణం కాదు, అది పైన విరిగిన రాయి, మంచు. కానీ అలాంటి ఇరుకు లోయలో నది పక్కనే అంతమందిని పనిలో పెట్టింది మనుషులే. 1894 నాటి టెలిగ్రాఫ్ తీగ లాంటి హెచ్చరిక ఏర్పాటు కూడా ఆ రోజు వాళ్ళకి లేదు. పాతకాగితాలు గారు మొదట్లో రాసినప్పుడే ఇది మనసులో మెదిలింది.

వానకోయిల:
మరి ఇవాళ ఏ ఊరి పై అడవికైనా ఇలాంటి ముప్పు వస్తే మొదట ఏం చేయాలి? గౌరాదేవి కాలంలో లేనిది ఇప్పుడు ఏముంది?

సర్వేరాయి:
2006 అటవీ హక్కుల చట్టం ఉంది తల్లీ. గ్రామసభ తన సంప్రదాయ సరిహద్దుల్లోని అడవి మీద సామూహిక హక్కు అడగొచ్చు. అందులో కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు కూడా ఉంది. దానికి ‘ఫారం సి’ పెట్టాలి. అడవిని, నీటి వనరులను కాపాడటానికి గ్రామసభ కమిటీ వేసుకోవచ్చు. గొడ్డళ్ళు వచ్చాక పెడితే ఆలస్యమైపోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడే పెట్టాలి. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేంఢా (లేఖా) వాళ్ళు 2009లోనే ఈ హక్కు పత్రం తెచ్చుకున్నారు. తర్వాత తమ వెదురును తామే అమ్ముకోవడానికి మళ్ళీ కొట్లాడి, 2011లో అదీ సాధించారు.

రెండోది సమాచార హక్కు. అటవీ డివిజన్ వర్కింగ్ ప్లాన్ కాపీ తీసుకోండి. ఏ కంపార్ట్‌మెంట్‌లో (అంటే అడవిలో ఏ ముక్కలో) ఏ ఏడాది నరుకుతారో అందులో ముందే రాసి ఉంటుంది. నరకబోయే చెట్లకు సుత్తి గుర్తులు వేసేటప్పుడు ఊరివాళ్ళు వెంట ఉండి లెక్క రాసుకోండి, ఫొటోలు తీసుకోండి. పర్మిట్‌లో ఉన్న సంఖ్య, చెట్ల మీద ఉన్న గుర్తుల సంఖ్య కలవకపోతే ఫిర్యాదుకి అంతకన్నా ఆధారం అక్కర్లేదు. ఫాటా వాళ్ళకి పర్మిట్ ఆఖరి తేదీ తెలియబట్టే కదా అందాకా కాపలా కాశారు!

దీపశిఖ:
సర్వేరాయి గారూ, ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను. ఒక్కటి కలపండి: గ్రామసభ పెట్టే వేళ. ఆడవాళ్ళు గడ్డికి వెళ్ళే టైమ్‌లో పెడితే మళ్ళీ పాత కథే. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభ కోరంలో (సభ చెల్లడానికి ఉండాల్సిన హాజరులో) ఆడవాళ్ళు కనీసం మూడో వంతు ఉండాలి. సంతకాల పుస్తకం చూసి అడగొచ్చు.

తులసికోట:
వానకోయిల గారూ, మొక్కలు నాటడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అదొక్కటి. నరికివేత ఆగాక దశోలీ సంఘం ఏటా క్యాంపులు పెట్టి విరిగిన వాలుల మీద రాళ్ళ గోడలు కట్టించింది, మొక్కలు నాటించింది. మొదట్లో ఏ మొక్కలు నాటాలో మగవాళ్ళే తేల్చేవాళ్ళు, పండ్ల చెట్లు వేద్దామనేవాళ్ళు. ఆడవాళ్ళు మాకు గడ్డి, ఆకు, కట్టె ఇచ్చే చెట్లు కావాలన్నారు. వాళ్ళు అడిగినవి నాటాక, ఎండాకాలం నీళ్ళు మోసి పోసిందీ, పశువులు తొక్కకుండా చూసిందీ వాళ్ళే. ప్రభుత్వ నర్సరీ మొక్కల కంటే అవి చాలా ఎక్కువ బతికాయి. మీ ఊళ్ళో నాటేటప్పుడు కూడా ముందు ఆ చెట్టు నుంచి రోజూ ఏదో ఒకటి మోసుకొచ్చే మనిషిని అడగండి, ఆ తర్వాతే నర్సరీకి లిస్టు ఇవ్వండి.